టెస్టు, వన్డే, టీ20: మందుల షాపు కౌంటరు వెనక నుంచి ఒక సలహా

గుంటూరు కొత్తపేటలో మాది మందుల షాపు. చుట్టుపక్కల అన్నీ ఆసుపత్రులే. సాయంత్రం ఏడు దాటితే డాక్టరు చీటీలు పట్టుకుని జనం కౌంటరు ముందు గుమిగూడతారు. ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యేది ఏడున్నరకు. 2008 నుంచి ఇప్పటిదాకా తొలి ఆరు ఓవర్లూ కదలకుండా చూసిన మ్యాచ్‌లు ఎన్ని అని లెక్కపెడితే నాకు చేతివేళ్లు మిగిలిపోతాయి.

అందుకే "తీరిక లేనివాళ్లకు టీ20, తీరిక ఉన్నవాళ్లకు టెస్టు" అని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది. నాకు తీరిక లేదు, అందుకే టెస్టు చూస్తాను.

రెండేళ్ల కిందట విజయవాడలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ఆఫీసులో గట్టిగా అడిగితే ఒక్క రోజు సెలవు ఇస్తారు. దానికి శని, ఆదివారాలు కలుస్తాయి. విశాఖ టెస్టుకు వెళ్లమంటారా, వేసవి దాకా ఆగి హైదరాబాద్ ఉప్పల్‌లో ఐపీఎల్ చూడమంటారా?" అని అడిగాడు. అప్పుడు చెప్పిన జవాబుకు ఆ తర్వాత చూసినవీ, షాపుకు వచ్చేవాళ్లతో వాదించినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. దారిఖర్చు, సెలవు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టీవీ, ఈ మూడూ చూసుకుని ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన వాళ్లకు ఇది పనికివస్తుంది.

ముందు బంతుల లెక్క. టీ20లో రెండు జట్లూ కలిసి 240 బంతులు. వన్డేలో 600. టెస్టులో రోజుకు 90 ఓవర్ల చొప్పున ఐదు రోజులూ సాగితే 2,700. ఈ లెక్క చూసి అందరూ గంటల గురించే మాట్లాడతారు. నేనైతే ధ్యాస గురించి అడుగుతాను. టీ20 మూడున్నర గంటల ఆట, కానీ ఆ మూడున్నర గంటలూ మనిషిని మొత్తంగా అడుగుతుంది. 2024 మే 8న ఉప్పల్‌లో లక్నో 165 పరుగులు చేసింది. హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ ఆ లక్ష్యాన్ని ఒక్క వికెట్ కూడా పోకుండా 9.4 ఓవర్లలో కొట్టేసింది. ఆ రాత్రి నేను ఒక పెద్దాయనకు నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు లెక్కపెట్టి, బిల్లు వేసి, ఆయన మళ్లీ మళ్లీ అడిగిన "ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పి తలెత్తేసరికి హెడ్, అభిషేక్ శర్మ ఆరు ఓవర్లలోనే వంద దాటించారు. ఇంకో ఇద్దరికి మందులు ఇచ్చేసరికి మ్యాచే లేదు. ఆ ఏడాది జనం ఏళ్ల తరబడి చెప్పుకునే ఆట అది. నా ఎదురుగానే టీవీలో జరిగింది. నేను చూడలేదు.

టెస్టు అలా పగబట్టదు. మన దేశంలో టెస్టు సాధారణంగా ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మా షాపులో ఈగలు తోలుకోవడమే పని. పది ఓవర్లు చూడకపోయినా "ఎంత కొట్టారు, ఎవరు పోయారు" అని ఒక్క మాట అడిగితే మళ్లీ ఆటలోకి వచ్చేయవచ్చు. స్కోరు 3 వికెట్లకు 140 నుంచి 4 వికెట్లకు 168 అయిందంటే ఈ గంటలో ఏం జరిగి ఉంటుందో కొంత ఊహించవచ్చు. ఆ ఊహే టెస్టు చూడటంలో సగం.

విదేశాల్లో ఆడే టెస్టులైతే మనకు ఇంకా అనుకూలం, గడియారం తెలిస్తే చాలు. మెల్‌బోర్న్, సిడ్నీలలో ఆట మన తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతుంది. కాఫీ తాగుతూ ఒక సెషన్ చూసి స్నానానికి వెళ్లవచ్చు. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడున్నరకు. 2025 ఆగస్టు 4, సోమవారం, ఓవల్ టెస్టు చివరి రోజు సరిగ్గా ఆ వేళకే మొదలైంది. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, మనకు 4 వికెట్లు. అక్కడికి సిరీస్‌లో ఐదు టెస్టులూ ఐదో రోజుదాకా వచ్చాయి. భుజానికి దెబ్బ తగిలిన ఇంగ్లండ్ ఆటగాడు వోక్స్ ఒక చేతిని స్వెటర్ లోపల కట్టుకుని బ్యాటింగ్‌కు దిగాడు. హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ అట్‌కిన్సన్ స్టంప్‌ను ఎగరగొట్టాడు. 6 పరుగుల తేడాతో గెలిచాం. గంట కూడా పట్టలేదు. ఆ గంటలో దగ్గు మందు కోసం వచ్చిన ఒకావిడ కూడా కౌంటరు దగ్గరే నిలబడిపోయి, "బాబూ, ఇంకా ఎన్ని కావాలి?" అని అడిగింది. ఆవిడకు ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటో తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

మరి జనం ఎటు ఉన్నారు?

సంఖ్యలో టీ20 దగ్గరకు ఇంకేదీ రాదు, అందులో వాదన అనవసరం. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. జనం చూడని ఆటకు ఎవరూ అంత పెట్టరు. అయితే విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరో, గుంటూరులో బ్రాడీపేటలోనో కుర్రాళ్లు గుంపుగా కేకలు వేస్తుంటే చూసి "టెస్టును ఇక్కడ ఎవరూ చూడరు" అని తేల్చేయడం తొందరపాటు. టీ20 అభిమాని కనిపిస్తాడు, వినిపిస్తాడు. టెస్టు అభిమాని కనిపించడు. విజయవాడ వస్త్రలత సముదాయంలో చీరల కట్టలు విప్పుతూ ఫోనులో స్కోరు చూసుకునే గుమస్తా, మా ఎదురు ల్యాబులో రక్తం తీసే కుర్రాడు, బ్యాంకులో ఫైలు కింద ఫోను పెట్టుకున్న ఆఫీసరుగారు, వీళ్లంతా ఎవరికి వారే. ఒకరినొకరు గుర్తుపట్టేది "లంచ్‌కి ఎంత?" అన్న ప్రశ్నతోనే.

ఇంకో సంగతి. ఒక ఆటకు జనం రావడంలో ఆట ఎంత ఉందో సెలవు అంత ఉంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టుకు ఐదు రోజుల్లో 3,73,691 మంది వచ్చారు. ఆ ఊళ్లో అది క్రిస్మస్ సెలవుల సమయం, ఏటా అదే రోజుల్లో అదే మైదానంలో టెస్టు ఉంటుందని తాతల కాలం నుంచి తెలుసు. మన దగ్గర టెస్టు ఏ ఊళ్లో ఏ నెలలో పడుతుందో ఏడాది ముందు చెప్పలేం. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ కుర్చీలను చూపించి టెస్టు చచ్చిపోయిందనేవాళ్లు, అదే మంగళవారం మధ్యాహ్నం టీ20 పెట్టి చూడాలి. 2003లో ఇంగ్లండ్ కౌంటీలు ఈ పొట్టి ఆటను మొదలుపెట్టిందే ఉద్యోగాలు ముగించుకుని వచ్చేవాళ్ల సాయంత్రాల కోసం.

టీ20 వల్ల జరిగిన మంచిని మాత్రం తక్కువ చేయను. మా అమ్మకు డెబ్బై దాటాయి. క్రికెట్ అంటే మగవాళ్లు పనులు ఎగ్గొట్టడానికి చెప్పే సాకు అని నలభై ఏళ్లు నమ్మిన మనిషి. టీవీలో తెలుగు వ్యాఖ్యానం వచ్చాక, మ్యాచ్ రాత్రి భోజనాల వేళకు వచ్చాక, ఇప్పుడు ఆవిడ "ఈ అబ్బాయిని పదహారో ఓవరుకు ఎందుకు తెచ్చారు, చివరికి ఉంచుకోవాలి కదా" అని కెప్టెన్లను తిడుతోంది. ఇంట్లో ముగ్గురు నలుగురు కలిసి చూసే ఆట కావాలంటే కళ్లు మూసుకుని టీ20 ఎంచుకోండి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆట పరిచయం చేయాలన్నా అదే. ఫలితం ఆ రాత్రే తేలుతుంది, పిల్లలకు అది ముఖ్యం.

దాని లోపాలూ అక్కడే ఉన్నాయి. ఒక బౌలర్ నాలుగు ఓవర్లకు మించి వేయకూడదు కాబట్టి బుమ్రా అంతటివాడు కూడా 24 బంతులు వేసి పక్కకు తప్పుకోవాలి. నచ్చిన గాయకుడు ఒక్క పల్లవి పాడి దిగిపోయినట్టు ఉంటుంది నాకు. పైగా ఆనందం నిలవ ఉండదు. 2024 ఏప్రిల్‌లో సన్‌రైజర్స్ బెంగళూరు మీద 3 వికెట్లకు 287 కొట్టింది, అది ఐపీఎల్ రికార్డు. అదే జట్టు మే నెల ఫైనల్లో 113కు కుప్పకూలింది. రెండూ నిజమే, రెండింటి మధ్యా కారణం వెతికితే పెద్దగా దొరకదు.

ఒక మాట చెప్పక తప్పదు. మా ప్రాంతంలో ఐపీఎల్ "అభిమానం"లో కొంత భాగం పందేలది. బంతి బంతికీ ఉద్వేగం డబ్బు వల్ల వస్తుంటే అది ఏ తరహా క్రికెట్ మీదా ఇష్టం కాదు. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఆ తర్వాత కూడా అంతే ఆసక్తిగా మ్యాచ్ చూసేవాళ్లే నా దృష్టిలో అసలు ప్రేక్షకులు.

వన్డే గతి

వన్డే ఇప్పుడు నడిపిల్లాడిలా ఉంది. పెద్దకొడుకు మర్యాదా లేదు, చిన్నకొడుకు ముద్దూ లేదు. మా తరానికి మాత్రం క్రికెట్ అంటే వన్డేనే. 2002 నవంబర్ 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ మధ్య ఏడో వన్డే జరిగింది. సిరీస్ 3-3. గుంటూరు నుంచి ప్యాసింజర్ రైల్లో వేలాడుతూ వెళ్లాను. వెస్టిండీస్ మూడు వందలు దాటించింది, శామ్యూల్స్ సెంచరీ చేశాడు, మనవాళ్లు చిత్తుగా ఓడిపోయారు. తిరుగు రైల్లో ఒక్కరూ మాట్లాడలేదు. అయినా "అంతర్జాతీయ మ్యాచ్ మా కృష్ణ ఒడ్డున చూశాను" అని ఇప్పటికీ చెప్పుకుంటాను.

టీవీ ముందు కూర్చునేవాళ్లకు వన్డే సలహా ఇవ్వను. పదిహేనో ఓవరు నుంచి ముప్పై అయిదో ఓవరు దాకా ఒంటి పరుగులు తీస్తుంటే నిద్ర వస్తుంది. టెస్టులో అదే వేగంతో ఆడినా నిద్ర రాదు, ఎందుకంటే అక్కడ బౌలర్ చుట్టూ నలుగురిని దగ్గర పెట్టి వల పన్నుతుంటాడు. కానీ మైదానానికి వెళ్లి చూడాలంటే వన్డేకు నా ఓటు సులభంగానే పడుతుంది. ఒక్క రోజు ప్రయాణం, ఒక్క టికెట్, రెండు జట్ల బ్యాటింగూ, రాత్రికల్లా ఫలితం. 2018 అక్టోబర్‌లో విశాఖ వెళ్లినవాళ్లు కోహ్లి 157 చూశారు, అతని పదివేల పరుగులు పూర్తికావడం చూశారు, వెస్టిండీస్ ఆటగాడు షై హోప్ చివరి బంతికి ఫోరు కొట్టి 321 దగ్గర మ్యాచ్‌ను టై చేయడం చూశారు. పూర్తి భోజనం అంటే అది. అదే మైదానంలో 2023 మార్చిలో మనవాళ్లు 26 ఓవర్లలో 117కు ఆలౌటైతే ఆస్ట్రేలియా 11 ఓవర్లలో ముగించేసింది. వంద ఓవర్లకు డబ్బులిచ్చి ముప్పై ఏడు చూసి వచ్చినవాళ్లు మా షాపుకు తలనొప్పి మాత్రల కోసం వచ్చారని నేను అంటే కోతలు కోస్తున్నానంటారు, వదిలేయండి.

వన్డేకు కొత్త ఊపిరి మన ఆడపిల్లలు పోశారు. 2025 మహిళల ప్రపంచ కప్‌లో విశాఖలో భారత్ 330 చేస్తే ఆస్ట్రేలియా దాన్నీ ఛేదించింది. నవంబర్ 2న నవీ ముంబయిలో మనవాళ్లే కప్పు ఎత్తారు. ఆ జట్టులో కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది. ఆ పది ఓవర్ల ఎడమచేతి స్పిన్ చూశాక మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు క్రికెట్ శిక్షణకు చేరారు. వన్డే ఎందుకు ఇంకా ఉండాలని అడిగేవాళ్లకు నేను ఇదే చూపిస్తాను. నాలుగు ఓవర్లలో ఒక స్పిన్నర్ దెబ్బలు తిని దిగిపోతుంది, పది ఓవర్లలో దెబ్బ తిని తిరిగి దెబ్బ కొడుతుంది.

మన ఆటగాళ్లను చూసి ఎంచుకునేవాళ్లకు

చాలామంది ఆటను కాదు, మనిషిని అనుసరిస్తారు. తప్పు లేదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 55 వన్డేలు ఆడాడు, ఆరుసార్లు ఐపీఎల్ గెలిచిన జట్లలో ఉన్నాడు, ఒక్క టెస్టు కూడా ఆడలేదు. అదే గుంటూరుకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్ 6 టెస్టులు, 17 వన్డేలు ఆడాడు. ఆయన భారత జట్టుకు ఆడే రోజులకు టీ20 పుట్టలేదు. మా షేక్ రషీద్‌ను అండర్-19 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద చేసిన 94తో మాలాంటివాళ్లం గుర్తుపెట్టుకున్నాం, మిగతా ఊరు 2025లో ఐపీఎల్‌లో చెన్నై పసుపు జెర్సీ వేసుకున్నాక గుర్తుపట్టింది.

ఒక ఆటగాడి లోపల ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం టెస్టు దాకా వెళ్లాలి. 2021 జనవరిలో సిడ్నీలో హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతులకు 39. మ్యాచ్ డ్రా. టీ20 లెక్కలో అది నేరం. ఆ రోజు మా షాపులో స్కోరు కదలడం లేదని ఎవరూ విసుక్కోలేదు, కదలకపోవడమే గెలుపు అని అందరికీ అర్థమైంది. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ చేశాడు. అతను 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడి ఉండగా పదకొండో నంబరు సిరాజ్, ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ వేసిన మూడు బంతులను అడ్డుకోవాల్సి వచ్చింది. ఆ మూడు బంతులకు వచ్చిన పరుగులు సున్నా. నా జీవితంలో నేను చూసిన అతి పెద్ద ఓవర్లలో అది ఒకటి. గ్యాలరీలో వాళ్ల నాన్న చేతులు జోడించి ఏడుస్తుంటే ఇక్కడ మందులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ మ్యాచ్‌లో మనం 184 పరుగుల తేడాతో ఓడిపోయామన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఎవరికి ఏది

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా స్నేహితుడికి ఫిబ్రవరి నుంచి ఊపిరి సలపదు, ఐపీఎల్ వచ్చేదీ అదే సీజన్‌లో. అతను రాత్రి పదింటికి ఇంటికి చేరి చివరి ఐదు ఓవర్లు చూస్తాడు. అతనికి అది చాలు, టీ20కి కూడా చాలావరకు అదే చాలు. ఇంట్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసే పిల్లలుంటే ఐపీఎల్ ప్రమాదకరం: ఒక మ్యాచ్ మూడున్నర గంటలే, కానీ రెండు నెలల్లో డెబ్బైకి పైగా మ్యాచ్‌లు. సరిగ్గా పరీక్షల నెలల్లో. ఆ పిల్లలకు లంచ్‌కి ఒకసారి, టీకి ఒకసారి స్కోరు చెప్పే టెస్టే మంచి స్నేహితుడు. పదవీ విరమణ చేసిన పెద్దవాళ్లకు నేను చెప్పక్కరలేదు, వాళ్లు ఎప్పుడో టెస్టులో స్థిరపడ్డారు.

టెస్టు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఐదు రోజులూ చూడాలని కూర్చోకండి, రెండో రోజుకే విరక్తి పుడుతుంది. ఉదయం తొలి గంట చూడండి, కొత్త బంతి ఊగుతుంది. లేదా ఎనభై ఓవర్ల తర్వాత రెండో కొత్త బంతి తీసుకున్నప్పుడు చూడండి. మన పిచ్‌ల మీదైతే నాలుగో రోజు మధ్యాహ్నం స్పిన్నర్లు వేసే గంట. మధ్యలో మీ పని మీరు చేసుకోండి.

ఇక ప్రయాణం. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు, విశాఖ సుమారు 350. ఉప్పల్‌లో రాత్రి మ్యాచ్ ముగిసి బయటపడేసరికి పదకొండున్నర దాటుతుంది, ఆ తర్వాత బస్సు ఎక్కితే తెల్లారుతుంది. మర్నాడు ఆఫీసుకు వెళ్లినా కుర్చీలో నిద్రే. పైగా మీరు వెళ్లిన రోజు 58 బంతుల్లో ఛేదన ముగిసే మ్యాచే పడవచ్చు. విశాఖ టెస్టుకు సాధారణంగా టికెట్ ధర తక్కువ, ఉదయం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగవచ్చు. వెళ్తే రెండో రోజు లేదా మూడో రోజు టికెట్ తీసుకోండి. తొలి రోజు ఒకే జట్టు బ్యాటింగ్ చేస్తూ కూర్చోవచ్చు. ఐదో రోజు టికెట్ ముందుగా కొనడం జూదం: 2024 ఫిబ్రవరి 2న విశాఖలో ఇంగ్లండ్‌తో మొదలైన టెస్టు నాలుగో రోజే ముగిసింది. మధ్యాహ్నం నీడ పడే పడమటి వైపు గ్యాలరీ వెతుక్కోండి, ఫిబ్రవరిలో కూడా విశాఖ ఎండ చురుక్కుమంటుంది. డబ్బు అసలు ఖర్చుపెట్టకూడదనుకుంటే ఇబ్రహీంపట్నం దాటాక మూలపాడు మైదానంలో దేశవాళీ మ్యాచ్ ఏదైనా ఉందేమో కనుక్కోండి. బౌలర్ విసుక్కోవడం కూడా వినిపించేంత దగ్గరగా కూర్చోవచ్చు.

మేనల్లుడు నా మాట విని విశాఖ వచ్చాడు, నేనూ షాపు తమ్ముడికి అప్పగించి వెళ్లాను. ఇంగ్లండ్‌తో ఆ టెస్టే, శనివారం, రెండో రోజు. జైస్వాల్ డబుల్ సెంచరీ ఇద్దరం చూశాం. మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక వాడు మంచినీళ్ల కోసం లేచి, "వెళ్లిరానా మామయ్యా, ఏమైనా పోతుందా?" అన్నాడు. "టెస్టులో పది నిమిషాలు లేకపోతే ఏమీ పోదు, వెళ్లిరా" అన్నాను. వాడు వరుసలో నిలబడి ఉండగా బుమ్రా కాళ్ల దగ్గర పడేలా వేసిన యార్కర్ ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ స్టంప్‌లను చెల్లాచెదురు చేసింది. స్టేడియం మొత్తం లేచి అరిచింది. వాడు రెండు నీళ్ల సీసాలతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకోవడం కూడా అయిపోయింది. తిరుగు రైల్లో తుని దాటేదాకా వాడు నాతో మాట్లాడలేదు, ఫోనులో ఆ ఒక్క బంతినే మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చున్నాడు.